మరమ్మతుల బ్రదర్

కాథలిక్ పాఠశాలలో చదువుకున్నవారికి 'బ్రదర్' అన్న పిలుపు కొత్తది కాదు. హైదరాబాదు ఆబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్ హైస్కూలులోను, కాజీపేట సెయింట్ గేబ్రియల్ హైస్కూలులోను, ఢిల్లీ సెయింట్ కొలంబా పాఠశాలలోను తరతరాల విద్యార్థులు తమ గురువులను ఆ మాటతోనే పిలిచారు. అయితే ఆ బ్రదర్ అనే ఆయన ఎవరని ఇంట్లో పెద్దవాళ్ళు అడిగితే మాత్రం పిల్లవాడు తడబడేవాడు. ఆయన ఫాదరీ కాదు. పూజ చేయడు, పెళ్ళిళ్ళు జరిపించడు. సంసారి అంతకన్నా కాదు. పెళ్ళాడడు, ఆస్తి కూడబెట్టడు, సంపాదన తనదిగా దాచుకోడు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు పట్టి యావజ్జీవితం బడిలోనే గడుపుతాడు. లెక్కలు చెబుతాడు, ఫుట్‌బాల్ ఆడిస్తాడు, ఫీజు కట్టలేని తండ్రికి గడువిస్తాడు, కుళాయి చెడిపోతే తానే సరిచేయటానికి పూనుకుంటాడు. పత్రికలకెక్కే జీవితం కాదు అది.

అటువంటి బ్రదర్ ఒకరిని 1982 ఫిబ్రవరి 13వ తేదీన, మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశంలో, పట్టపగలు కాల్చి చంపారు. ఆ సమయాన ఆయన చేస్తున్న పని గోడకు మరమ్మతు. ఆయన పేరు జేమ్స్ మిల్లర్. వయస్సు 37 సంవత్సరాలు. చేతిలో ఆయుధం లేదు, నోట రాజకీయ నినాదం లేదు. ఒక బడిపంతులు ఎవరికి అంతటి శత్రువైనాడు అన్న ప్రశ్నకు సమాధానం ఆయన గుణగణాలలో కన్నా ఆయన నమ్మిన వృత్తిలోనే ఎక్కువగా ఉన్నది. కాబట్టి ఆ వృత్తి ఎక్కడ పుట్టినదో ముందుగా కొంత తెలుసుకోవటం అవసరం.

ఫ్రాన్సులోని రైమ్స్ నగరంలో 1651వ సంవత్సరంలో, ఒక సంపన్న న్యాయాధికారి ఇంట జాన్ బాప్తిస్ట్ డి లా సాల్ జన్మించాడు. పదహారవ యేటనే ఆ నగర ప్రధాన దేవాలయంలో గౌరవమూ ఆదాయమూ కలిగిన పదవి ఆయనకు దక్కింది. 1678లో గురుపట్టం పొందాడు. మరుసటి సంవత్సరం ఆద్రియాన్ న్యేల్ అనే ఆయన పేదపిల్లలకు బడులు పెట్టే సంకల్పంతో ఆ ఊరు వచ్చి సాయం కోరాడు. మాటసాయంగా ఆరంభమైన పని క్రమక్రమంగా లా సాల్ మెడకు చుట్టుకున్నది. ఆనాటి పేదల బడిపంతుళ్ళకు చదువు అంతంతమాత్రం, నడవడి మోటు, జీతం నామమాత్రం. వారిని తన ఇంటి సేవకుని కన్నా తక్కువగా ఎంచేవాడినని లా సాల్ తరువాత తానే రాసుకున్నాడు. అటువంటివారిని 1681లో తన ఇంటికే తెచ్చి పెట్టుకున్నాడు. బంధువులు మండిపడ్డారు. ఆయన సంరక్షణలో ఉన్న తమ్ముళ్ళను వేరే చోటికి తరలించారు. ఆయన వెనుకకు తగ్గలేదు. 1683లో పదవి వదులుకున్నాడు. ఆ వెంటనే వచ్చిన కరువులో తన ఆస్తిని పేదలకు పంచివేశాడు.

విద్యాచరిత్రలో ఆయన చేసిన మార్పులు ఈనాడు మనకు మార్పులుగా తోచవు. అంతగా అవి అలవాటైపోయినవి. ఆనాడు చదువు లాటిన్‌తో మొదలయ్యేది. ఆయన మాతృభాషలో మొదలుపెట్టించాడు. అంతవరకు పంతులు ఒక్కొక్క పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి పాఠం చెప్పేవాడు, తక్కినవారు అల్లరి చేసేవారు. మన పాత వీధిబడుల సంగతి తెలిసినవారికి ఈ దృశ్యం వింత కాదు. ఆయన ఒకే స్థాయి పిల్లలను ఒక తరగతిగా కూర్చోబెట్టి అందరికీ ఒకేసారి పాఠం చెప్పించాడు. పంతుళ్ళకు శిక్షణ ఇవ్వటానికి ప్రత్యేకంగా పాఠశాల నడిపాడు. రోమ్ సభ 1950లో ఆయనను ఉపాధ్యాయులందరికీ పాలక పునీతునిగా ప్రకటించటం ఇందువల్లనే.

కాని అన్నిటికన్నా సాహసమైన నిర్ణయం మరొకటి. తన అనుచరులలో హెన్రీ లెరూ అనే యువకుని గురుపట్టానికి సిద్ధం చేసి, తన తరువాత సంస్థను అతనికి అప్పగించాలని లా సాల్ తలచాడు. 1690 ప్రాంతంలో ఆ యువకుడు అకస్మాత్తుగా మరణించాడు. ఆ దెబ్బను లా సాల్ ఒక సూచనగా గ్రహించాడు. తన సంస్థలో గురువులు ఉండరాదు, అందరూ సహోదరులే కావాలి అని నియమం చేశాడు. పూజాపీఠం వైపు మనసు పోయినవాడు బడిని రెండవ స్థానంలో పెడతాడని ఆయన భయం. ఒక గురువే గురుపట్టాన్ని తన సంస్థకు నిషేధించటం విచిత్రంగా కనిపించవచ్చు. కాని ఆయన కోరినది బోధకులను కాదు, పిల్లలకు అన్నదమ్ములను. అన్న అయినవాడు తమ్మునికి అక్షరాలూ నేర్పుతాడు, చిరిగిన చొక్కా కూడా కుట్టిస్తాడు. సరిగ్గా ఆ అర్థంలోనే, రెండు శతాబ్దాలు దాటిన తరువాత, అమెరికా దేశపు పల్లెటూరి కుర్రవాడొకడు ఆ సంస్థలో చేరాడు.

జేమ్స్ మిల్లర్ 1944 సెప్టెంబరు 21న విస్కాన్సిన్ రాష్ట్రంలో, స్టీవెన్స్ పాయింట్ పట్టణానికి సమీపాన, ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. బరువు నాలుగు పౌండ్లు కూడా లేదు. ఆ బిడ్డే పెరిగి పెద్దవాడై ఆరడుగులు దాటిన భారీకాయుడైనాడు. పశువుల కొట్టం, పొలం పని, విరిగిన పనిముట్టును పారవేయక అతికి వాడుకునే రైతు అలవాటు చిన్ననాడే అబ్బినవి. ఊరిలోని హైస్కూలులో చేరినప్పుడు మొదటిసారి లా సాల్ సహోదరులను చూశాడు. 1959లో, పదిహేనవ యేట, మిస్సోరీ రాష్ట్రంలోని వారి శిక్షణాలయానికి ప్రయాణమైనాడు. 1962లో సన్యాస వస్త్రం ధరించాడు. ఆనాటి ఆచారం ప్రకారం లియో విలియం అని కొత్త పేరు పెట్టారు. కొన్నేళ్ళకు ఆచారం సడలినప్పుడు తల్లిదండ్రులు పెట్టిన పేరే తిరిగి తీసుకున్నాడు.

వినోనా నగరంలోని సెయింట్ మేరీస్ కళాశాలలో చదువు ముగించిన పిమ్మట ఆయనను సెయింట్ పాల్ నగరంలోని క్రెటిన్ హైస్కూలుకు పంపారు. స్పానిష్, ఇంగ్లీషు, మతబోధ ఆయన పాఠాలు. పిల్లలకు సాకర్ జట్టు ఏర్పాటు చేశాడు. పాఠశాల భవనాల నిర్వహణ కూడా ఆయన మీదనే పడింది, లేదా ఆయనే మీద వేసుకున్నాడు. తరగతి ముగియగానే పనిబట్టలు వేసుకుని పైపులూ తలుపులూ తాళాలూ బాగుచేస్తూ కనిపించేవాడు. విద్యార్థులు ఆయనకు 'బ్రదర్ ఫిక్సిట్' అని పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే మరమ్మతుల బ్రదర్. పిల్లలు పెట్టే పేర్లలో ఎగతాళి ఎంత, ప్రేమ ఎంత అన్నది విడదీయటం సాధ్యం కాదు.

1969 ఆగస్టులో ఆయన యావజ్జీవ వ్రతాలు స్వీకరించాడు. చిరకాలంగా కోరుకుంటున్న అవకాశం ఆ యేడే వచ్చింది. నికరాగువా దేశపు తూర్పు తీరాన ఉన్న బ్లూఫీల్డ్స్ పట్టణంలో పాఠశాలకు ఆయనను పంపారు. ఐదేళ్ళ తరువాత, 1974లో, అదే తీరాన మరింత ఉత్తరంగా ఉన్న ప్వెర్తో కబేసాస్‌కు మారాడు. అది మిస్కీటో అనే ఆదివాసుల ప్రాంతం. రాజధాని మనాగ్వాకు భూగోళం రీత్యానే కాక పాలకుల దృష్టి రీత్యా కూడా బహు దూరం. అక్కడ ఆయన ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న కాలంలో బడి పిల్లల సంఖ్య సుమారు 300 నుండి 800కు పెరిగింది. పిల్లలు పెరిగితే గదులు కావాలి, గదులు కావాలంటే డబ్బు కావాలి. వృత్తివిద్యకు కొత్త భవనాలు లేచినవి. చుట్టుపక్కల గ్రామాలలో పది బడుల నిర్మాణాన్ని పర్యవేక్షించే బాధ్యతను కూడా ఆయన అంగీకరించాడు.

చిక్కు వచ్చినది ఇక్కడనే. ఆ భవనాలకు డబ్బు ప్రభుత్వం నుండి రావాలి. ప్రభుత్వం అంటే సొమోజా కుటుంబపు నియంతృత్వం. బడికి కప్పు వేయించవలసిన ప్రధానోపాధ్యాయుడు ఏ అధికారి గదిలో కూర్చుని ఉంటే ఆ అధికారి గడపే ఎక్కుతాడు. జిల్లా విద్యాశాఖ కార్యాలయాల చుట్టూ తిరిగిన మన ఊరి హెడ్మాస్టర్లకు ఈ సంగతి ఎవరూ వివరించనక్కరలేదు. కాని విప్లవం వచ్చే వేళ ఇటువంటి తేడాలు ఎవరూ చూడరు. సొమోజా ప్రభుత్వంతో కలిసి పనిచేసినవాడని తిరుగుబాటుదారులైన సాందినిస్తాలు ఆయనను అనుమానించారు. వారి జాబితాలో ఆయన పేరు ఉన్నదన్న మాట వినవచ్చింది. 1979 జూలైలో సాందినిస్తాలు అధికారం చేజిక్కించుకున్నారు. పై అధికారులు ఆయనను వెంటనే దేశం విడిచి రమ్మని ఆజ్ఞాపించారు. విధేయత వ్రతం పట్టినవాడు కాబట్టి వచ్చాడు. మనసు మాత్రం అక్కడనే ఉండిపోయింది.

తరువాతి కాలంలో ఆయనను పొగిడినవారు ఈ ఘట్టాన్ని తొందరగా దాటిపోతారు. దాటిపోనక్కరలేదు. ఆయన రాజకీయజ్ఞుడు కాదు. నియంతృత్వపు దుర్మార్గాన్ని వేదికలెక్కి ఖండించినవాడూ కాదు. పిల్లలకు బడి ఉండాలి అన్న ఒక్క కొలతతోనే లోకాన్ని కొలిచాడు. ఆ కొలత కొన్ని విషయాలను చూడనివ్వదు, మరికొన్నింటిని మరి ఎవరికీ కనిపించనంత స్పష్టంగా చూపిస్తుంది.

తిరిగి క్రెటిన్ హైస్కూలులో ఏడాదిన్నర గడిచింది. మళ్ళీ పాఠాలు, మళ్ళీ మరమ్మతులు. నికరాగువాలో వదిలి వచ్చిన పిల్లలు జ్ఞాపకం వస్తుండేవారు. మధ్య అమెరికాకు తిరిగి పంపవలసిందని పదే పదే కోరాడు. నికరాగువాకు పోవటం కుదరదు కాబట్టి, 1981 జనవరిలో గ్వాటెమాలాకు పంపారు.

ఆ దేశపు స్థితిగతులు కొంత చెప్పాలి. గ్వాటెమాలా జనాభాలో పెద్ద భాగం మాయా జాతుల ప్రజలు. వారివి ఇరవైకి పైగా భాషలు. భూమి, అధికారం, న్యాయస్థానం మాత్రం స్పానిష్ మాట్లాడేవారివి. 1954లో అమెరికా గూఢచారి సంస్థ సాయంతో జరిగిన కుట్ర అక్కడి ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది. 1960 నుండి సైన్యానికీ గెరిల్లాలకూ మధ్య అంతర్యుద్ధం సాగుతున్నది. 1980వ దశకం ఆరంభానికి ఆ యుద్ధం పశ్చిమాన కొండప్రాంతాల మాయా గ్రామాలను చుట్టుముట్టింది. గెరిల్లాలకు గ్రామస్థులు అండగా ఉన్నారన్నది సైన్యం ఆరోపణ. పొరుగున ఉన్న కీచే ప్రాంతంలో 1980లో గురువుల హత్యలు ఎంతకు పోయినవంటే, అక్కడి బిషప్ హువాన్ హెరార్దీ తన మేత్రాసనాన్నే మూసివేసి గురువులను, కన్యస్త్రీలను ఉపసంహరించుకున్నాడు. 1981 జూలైలో స్టాన్లీ రాథర్ అనే అమెరికన్ గురువును ఆయన నివాసంలోనే చంపారు. అప్పటికి మిల్లర్ గ్వాటెమాలా చేరి ఆరు నెలలు. ఈ వార్తలు ఆయనకు తెలియనివి కావు.

ఆయన పని చేసిన ఊరు వేవేతెనాంగో. ఎత్తైన కుచుమతానెస్ పర్వతాల పాదాన ఉన్న పట్టణం. అక్కడ సహోదరులకు ఒక ఉన్నత పాఠశాల ఉన్నది. దానితోపాటు 'కాసా ఇందిహెనా' అనే వసతి గృహం ఉన్నది. ఆదివాసుల ఇల్లు అని ఆ పేరుకు అర్థం. కొండల మీది మాయా పల్లెల పిల్లలు అక్కడ ఉండి చదువుకునేవారు. ఇంట మాట్లాడేది ఒక భాష, బడిలో చదివేది మరొక భాష. ఆదిలాబాదు గోండు గూడెం నుండి గాని, పాడేరు కొండల నుండి గాని ఆశ్రమ పాఠశాలకు వచ్చి తెలుగు పుస్తకం తెరిచే పిల్లవాని పరిస్థితే వారిదీ. చదువుతోపాటు వ్యవసాయంలో కూడా వారికి శిక్షణ ఇచ్చేవారు. చదివినవాడు పట్నంలో గుమాస్తా కావటం కాక, తిరిగి పల్లెకు పోయి నలుగురికి ఉపయోగపడాలన్నది ఆ సంస్థ ఆశయం. విస్కాన్సిన్ రైతు బిడ్డకు ఇంతకన్నా తగిన ఉద్యోగం ఉండదు. పిల్లలు ఆయనను 'ఎర్మానో శాంతియాగో' అని పిలిచారు. జేమ్స్ అన్న పేరుకు స్పానిష్ రూపం శాంతియాగో. ఎర్మానో అంటే అన్నయ్య, తమ్ముడు, సోదరుడు ఏదైనా కావచ్చు.

ఇక అసలు విషయం. గ్వాటెమాలా సైన్యానికి సిపాయిలు కావాలి. చట్టం ప్రకారం సైనికసేవ అందరికీ సమానం. ఆచరణలో పట్టుకుపోయేది పేద మాయా కుర్రవాళ్ళనే. సంతనాడు, పండుగనాడు, బస్సు ఆగినచోట, సైనికులు చుట్టుముట్టి వయసు వచ్చిన వారినీ రానివారినీ లారీలకెక్కించేవారు. ఆ కుర్రవానికి తుపాకి ఇచ్చి, కొద్దికాలానికే తన భాష మాట్లాడే మరొక గ్రామం మీదకు నడిపించేవారు. దీని నుండి తప్పించుకునే మార్గం ఒకటి ఉన్నది: బడిలో చదువుతున్న విద్యార్థికి చట్టం మినహాయింపు ఇచ్చింది. కాబట్టి విద్యార్థి పట్టుబడినప్పుడల్లా సహోదరులలో ఒకరు కాగితాలు చేతపట్టుకుని సైనిక స్థావరానికి పోయేవారు. ఇతడు మా విద్యార్థి, ఇదిగో హాజరుపట్టీలో పేరు, విడిచిపెట్టండి అని అడిగేవారు. తరచుగా విడిచిపెట్టేవారు, విడవలేక విడిచేవారు అనటం సబబు.

హాజరుపట్టీ అనేది బడిలో అన్నిటికన్నా నిస్సారమైన పుస్తకం. ఉదయం పంతులు పేర్లు చదువుతాడు, పిల్లలు పలుకుతారు, గీత పడుతుంది. వేవేతెనాంగోలో ఆ గీత ఒక కుర్రవాని ప్రాణానికి హామీ అయింది. దానిని పెట్టే అధికారం ఉన్నవాడు సైన్యానికి అడ్డు అయినాడు. గెరిల్లాలతో సంబంధం లేకపోయినా, ఒక్క కరపత్రం పంచకపోయినా, మాయా కుర్రవాణ్ణి విద్యార్థిగా నమోదు చేయటమే పక్షం వహించటంగా పరిణమించింది. 1982 ఆరంభంలో కాసా ఇందిహెనా పిల్లవాడొకణ్ణి ఇలాగే పట్టుకుపోగా, విడిపించాలని ఒక సహోదరుడు సైనికాధికారుల వద్దకు పోయి గట్టిగా అడిగాడు. ఈసారి పని జరగలేదు.

ఆ జనవరిలో మిల్లర్ స్వదేశంలోని మిత్రులకు రాసిన ఉత్తరంలో, ఎడతెగని హింసతో తాను అలసిపోయినానని ఒప్పుకున్నాడు. అయినా మధ్య అమెరికా పేదల పట్ల తన కర్తవ్యబుద్ధి సడలలేదని కూడా తెలిపాడు. వీరుని ఉత్తరం కాదు అది. అలసిన మనిషి తన పని ఏమిటో తనకు తాను గుర్తుచేసుకున్న ఉత్తరం.

1982 ఫిబ్రవరి 13 శనివారం. సాయంత్రం నాలుగు గంటలు దాటింది. కాసా ఇందిహెనా వెలుపలి గోడ పెచ్చులూడి ఉన్నది. మిల్లర్ వీధి వైపున నిచ్చెన వేసుకుని దానిని సరిచేస్తున్నాడు. ముఖాలకు ముసుగులు ధరించిన కొందరు దగ్గరకు వచ్చి తుపాకులు పేల్చారు. పలు తూటాలు తగిలినవి. ఆయన నేలకొరిగేసరికే ప్రాణం పోయింది. లోపల ఉన్న పిల్లలలో కొందరు కిటికీ నుండి అది చూశారు. వచ్చినవారు వచ్చినట్లే వెళ్ళిపోయారు.

ఆనాడు ఆయన ఏ పిల్లవాని కాగితాలతోనూ సైనిక స్థావరానికి పోలేదు. స్థావరానికి పోయినది మరొకరు. ఒకరిని చంపి తక్కినవారికి హెచ్చరిక పంపదలచినవారికి వీధిలో నిచ్చెన మీద కనిపించిన సహోదరుడు చాలు అన్నది ఆ ఊరివారి, ఆయన తోటి సహోదరుల విశ్వాసం. దర్యాప్తు పేరుకు జరిగింది. హంతకులెవరో తేలలేదు, ఎవరికీ శిక్ష పడలేదు.

వేవేతెనాంగోలో ప్రార్థనలు జరిగిన తరువాత భౌతికకాయాన్ని అమెరికాకు తరలించారు. సెయింట్ పాల్ నగరంలో అంత్యక్రియల పూజ జరిగింది. ఆయన పాఠం చెప్పిన పిల్లలు అప్పటికి పెద్దవారై వచ్చారు. చివరకు పుట్టిపెరిగిన విస్కాన్సిన్ గడ్డ మీదనే ఖననం చేశారు.

హత్య జరిగి ఐదు వారాలు దాటిన తరువాత, మార్చి 23న, సైనికాధికారి ఎఫ్రాయిన్ రియోస్ మోంత్ కుట్ర ద్వారా అధికారంలోకి వచ్చాడు. ఆ తరువాతి నెలలలో కొండప్రాంతాలలో జరిగిన దారుణాల ముందు ఒక్క సహోదరుని మరణం లెక్కలోనిది కాదు. యుద్ధం 1996 డిసెంబరులో శాంతి ఒప్పందంతో ముగిసింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన ఏర్పడిన సత్యశోధన సంఘం 1999లో నివేదిక ఇచ్చింది. మృతులు, జాడ తెలియనివారు కలిసి రెండు లక్షలకు పైబడి ఉంటారని అంచనా వేసింది. గుర్తింపబడిన బాధితులలో 83 శాతం మాయాలని, నమోదైన అత్యాచారాలలో 93 శాతానికి ప్రభుత్వ బలగాలు, వారి అనుబంధ దళాలే బాధ్యులని తేల్చింది. కాథలిక్ సభ కూడా తనదైన విచారణ జరిపి 1998 ఏప్రిల్ 24న నివేదిక వెలువరించింది. దానికి నాయకత్వం వహించినది 1980లో తన మేత్రాసనం మూసిన ఆ బిషప్ హెరార్దీయే. రెండు రోజులు గడవకముందే ఆయనను కూడా చంపారు.

లా సాల్ సహోదరులు వేవేతెనాంగో విడిచిపోలేదు. బడి నడిచింది. మరొకవైపు మిల్లర్‌ను రక్తసాక్షిగా గుర్తించాలన్న విచారణ రోమ్‌లో సాగింది. అందులో ఒక చిక్కుప్రశ్న ఉన్నది. సభ నియమం ప్రకారం విశ్వాసం మీది ద్వేషం చేత చంపబడినవాడే రక్తసాక్షి. గోడకు మరమ్మతు చేస్తూ, ఎవరితోనూ మతం గురించి వాదించకుండా, బహుశా తానే క్రైస్తవునని చెప్పుకునే హంతకుని చేతిలో మరణించిన బడిపంతులు ఆ మాటకు తగునా? పేదల పిల్లలకు చదువు చెప్పటమే ఆయన విశ్వాసానికి రూపం, ఆ రూపాన్నే హంతకులు ద్వేషించారు అన్నది వాదన. పోప్ ఫ్రాన్సిస్ 2018 నవంబరులో దానిని అంగీకరించాడు. 2019 డిసెంబరు 7న వేవేతెనాంగోలోనే ఆయనను ధన్యునిగా ప్రకటించారు. కాథలిక్ సభలో పునీతుని స్థానానికి అది ముందరి మెట్టు.

ఆ ప్రకటనకు చాలా ముందే, 1994లో, గ్వాటెమాలా అధ్యక్షుడు రమీరో డి లియోన్ కార్పియో బలవంతపు సైనిక భర్తీని నిలిపివేశాడు. సంతనాడు లారీలు రావటం ఆగింది. అప్పటికి నిచ్చెన మీద ఆ కాల్పులు జరిగి పన్నెండేళ్ళు. ఆనాడు కిటికీలో నిలిచి చూసిన పిల్లలకు పెళ్ళిళ్ళై, వారి బిడ్డలు బడిలో చేరే వయస్సు.